నూట అయిదు దగ్గర

ఓరెస్ట్ హ్నాట్యూక్ మొదటిసారి వచ్చినప్పుడు
ట్రక్కు మీటరులో ఇంకా నాలుగంకెలే.
పక్కసీటుకి ప్లాస్టిక్ తొడుగు కూడా విప్పలేదు.
"నూట అయిదు దగ్గర మొదలవుతుంది నోయెల్లా,
నూట ఇరవై దాటితే ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది" అన్నాడు
ఇంటిదొంగ సంగతి చెబుతున్నట్టు, గొంతు తగ్గించి.

కొత్తది కదా, నాలుగు రోజులు తిరిగితే
అదే సర్దుకుంటుందన్నాడట అమ్మినవాడు.
చెప్పులు కరిస్తే చెప్పే మాట అది.
బండికి చెల్లదు.

మా నాన్న నేర్పిన పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చులేనిది:
వణుకు సీట్లోంచి నడుముకి ఎక్కితే వెనక చక్రాలు,
స్టీరింగులోంచి మణికట్టుకి ఎక్కితే ముందువి.
బ్రేకు నొక్కినప్పుడే వస్తే అది వేరే కథ.
ముందు వినాలి. తర్వాతే విప్పాలి.

స్విఫ్ట్ కరెంట్ దాటాక ఒకటో నంబరు రోడ్డు
నూలు పట్టి గీసినట్టు పడమరకి పోతుంది.
అటూ ఇటూ కనోలా కోసిన మోళ్లు,
దూరంగా ధాన్యం ఎలివేటరు, ఎంతసేపటికీ దగ్గర కాకుండా.
నేనే నడిపాను. తొంభై. వంద. నూట రెండు.
నూట అయిదుకి వచ్చింది:
కప్పులో కాఫీ మీద వలయాలు,
అరచేతుల్లో కందిరీగల గూడు.
పక్కన ఆయన నవ్వాడు,
తప్పు తనది కాదని తేలినవాడి నవ్వు.
ఆ నవ్వు దగ్గరే నేను ఆగి ఉండాల్సింది.

షాపులో మూడు చక్రాలు బుద్ధిగా తిరిగాయి.
ముందు ఎడమది కూడా బరువు లెక్కలో నిక్కచ్చిగానే ఉంది.
రోలరు ఆనించి, భారం మోపి తిప్పితేగానీ బయటపడలేదు:
టైరులో ఒకచోట వెంట్రుకవాసి ఎత్తు,
రిమ్ములో ఇంకోచోట వెంట్రుకవాసి పల్లం.
విడివిడిగా దేనిలోనూ వంక లేదు.
ఎవరో, ఏ షిఫ్టు చివరో, ఎలా పడితే అలా కలిపారు.
గాలి తీశాను. సుద్దముక్కతో రెండు గుర్తులు పెట్టాను.
టైరుని రిమ్ము మీద అరచుట్టు తిప్పాను.
ఎత్తు వెళ్లి పల్లంలో కూచుంది.
నూట అయిదు. నూట పది. కాఫీ నిద్రపోయింది.

పది రోజులకి మళ్లీ వచ్చాడు.
మొదటి మంచు పడ్డాక మళ్లీ.
నేను నడిపితే ఏమీ లేదు.
"నువ్వుంటే దాక్కుంటుంది" అన్నాడు.
"అయితే మీరు నడపండి."

ప్లాస్టిక్ తొడుగు నా కింద కిచకిచమంది.
నూట అయిదు. కాఫీ కదల్లేదు.
రోడ్డు తిన్నగా, ఎండిపోయి, ఎదర ఎవరూ లేకుండా.
"ఒక్క క్షణం చేతులు తియ్యండి" అన్నాను.
తీశాడు.
చక్రం నిమ్మళంగా ఉంది.
ఎడంచెయ్యి చప్పున చక్రాన్ని పట్టుకుంది.
కుడిచెయ్యి తొడమీదికి దిగింది, దిగాక పెరిగింది:
బొటనవేలూ చూపుడువేలూ కలిసి
కనపడని గింజనేదో నలుపుతూ, నలుపుతూ.

గల్ లేక్ బోర్డు వెళ్లిపోయింది.
తర్వాత ఒక పెట్రోలు బంకు.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"మరి ఇది," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా,
"ఏ స్పీడు దగ్గర మొదలవుతుందంటావ్?"

నాన్న పరీక్షలో ఆ లెక్క లేదు.
"ఆగి ఉన్నప్పుడనుకుంటా" అన్నాను.

తలూపాడు, టైరులో గాలెంతో చెబితే ఊపినట్టు.

షాపు ముందు ఇంజను ఆపలేదు.
దిగి, చుట్టూ తిరిగి నావైపు వచ్చి తలుపు తీశాడు.
"ఇంక నేను కూచోవలసింది ఇక్కడేగా" అంటూ
తొడుగు అంచు పట్టుకుని లాగాడు.
మూల దగ్గర చిక్కుకుంది.
నేను ఒక పక్క పట్టుకున్నాను.