ఉంటేనే తెచ్చుకో

రాత్రి పదకొండున్నరకి
ఒంగోలు కర్నూలు రోడ్డు మీద లారీలు పలచబడ్డాక
నేను రాసిన వరస నిద్ర లేస్తుంది.
ముందు కొండపి ఫోల్డరు తలుపు తడుతుంది,
తర్వాత టంగుటూరు, కందుకూరు, వెల్లంపల్లి,
చివర పొదిలి.

దానికి నేర్పిన మాటలు నాలుగే:
ఫైలు ఉంటే చూడు.
ఇవాళ్టి తేదీ అయితే ముట్టుకో.
ఖాళీది కాకపోతే తెచ్చుకో.
కాదంటే నోరు మూసుకుని పక్క గుమ్మానికి పో.

మొదట్లో ఈ నాలుగూ లేవు.
ఉన్నదల్లా ఊడ్చుకొచ్చేది.
నిన్న అమ్ముడైన బేళ్లు ఇవాళ మళ్లీ అమ్ముడయ్యేవి.
ఎవరో పరీక్షకని పెట్టి మరిచిన ఫైల్లో
కిలో పదివేలు పలికిన పొగాకు
తెల్లారేసరికి మేనేజరు బల్లెక్కి కూర్చుంది.
ఆయన నవ్వలేదు.

షరతు ఎట్లా పెట్టాలో పుస్తకం చెప్పలేదు నాకు.
కాటా దగ్గర ముప్పై ఏళ్లు నిలబడ్డ మస్తాన్ వలి చెప్పాడు:
"బేలు వచ్చిందని దించుకోబాకమ్మా.
చెయ్యి లోపలికి పెట్టు.
పైన బంగారం, నడిమిన తడి.
చీటీ చూసి మోసపోయినోళ్లని చూశా గానీ
చెయ్యి పెట్టి మోసపోయినోణ్ణి చూళ్లేదు."

ఆ రాత్రే రాశాను,
ఫైలు పేరు నమ్మకుండా
లోపలి మొదటి వరస చదివే షరతు.

పంపేవాడు ఇంకా పంపుతుండగానే లాగితే
సగమే వస్తుందని కూడా తెలిసింది,
గంజి వార్చని అన్నంలా.
అందుకే పంపడం ముగిశాక
పక్కన చిన్న గుర్తు ఫైలు పెట్టమన్నాను.
దాని పేరు "అయింది".
అది కనబడేదాకా పది నిమిషాలకోసారి తొంగిచూడ్డమే,
బ్యారన్ కాడ రాత్రంతా మంట కాసేవాడిలాగా.

మార్చి అంతా పచ్చటి గుర్తులే.

ఏప్రిల్లో పొదిలి వైపు నుంచి ఫోను.
"నా బేళ్లు మీ లెక్కలో లేవంటన్నారు.
పదకొండు బేళ్లు తల్లీ.
మూడు తడవలు తెచ్చా, మూడు తడవలు ఎత్తకపోయా.
ట్రాక్టరు బాడుగ మాత్రం ప్రతి తడవా ఉంది."
పేరు మాలకొండయ్య.

వెతికాను.
ఫైల్లో ఉన్నాడు, మూడు రోజులూ ఉన్నాడు.
ధర గడి మాత్రం తెల్లగా ఉంది. ఎవరూ పాడలేదు.
నా షరతు చూస్తే:
ధర ఉంటేనే వరస తెచ్చుకో.

ఒక ఆదివారం మధ్యాహ్నం
ఉడకబెట్టిన శనక్కాయలు ఒలుచుకుంటూ రాసినట్టు గుర్తు.
ఖాళీ అంటే చెత్తే గదా అనుకున్నా.

ఇప్పుడు "కాదంటే" కింద కొత్త దారి వేశాను.
కొత్త ఫోల్డరు, పేరు "తిరిగిపోయినవి".
మొదటి రాత్రే నాలుగు వందల పన్నెండు బేళ్లు చేరాయి అందులోకి.
నివేదికలో ఈ గడి ఎవరడిగారని మేనేజరు అడిగాడు.
ఎవరూ అడగలేదన్నాను.
తీసెయ్యమనలేదు, ఉంచమనీ అనలేదు.

ఇవాళ మాలకొండయ్య నాలుగో తడవ.
పన్నెండు దాటింది.
పొదిలి ఫోల్డర్లో ఫైలు ఉంది,
"అయింది" ఇంకా రాలేదు.
ఇంటికి పోవచ్చు నేను, వరస దాని పని అది చేసుకుంటుంది.
ఇంకో పది నిమిషాలు చూద్దాం.