పదిహేడు వేల స్నానాలు

లోపలికి వెళ్లాలంటే స్నానం.
బయటికి రావాలన్నా స్నానమే.
మానిటోబాలో జనవరి, మైనస్ ముప్పై మూడు.
షెడ్డు నుంచి కారు దాకా నడిచేలోపు
అగాథా ఫ్రీసెన్ జుట్టు పుల్లలు పుల్లలై
గాలికి టకటకమంటుంది.

మొన్న టీ గదిలో పేపర్ నాప్కిన్ మీద లెక్కేశాను.
ముప్పై ఒక్క ఏళ్లు, ఏడాదికి రెండొందల డెబ్భై అయిదు రోజులు,
రోజుకు రెండు చొప్పున
పదిహేడు వేల స్నానాలు, పైన ఒక యాభై.
"మధ్యాహ్నం తిండికి బయటికొచ్చినవి?"
అంటూ నా పెన్సిలు లాక్కుంది.

నేనొచ్చి అయిదేళ్లు. ఇలోఇలో వాణ్ణి,
మంచును ఫ్రిజ్‌లో తప్ప చూసినవాణ్ణి కాను.
మొదటిరోజు నాకు పనేమీ చూపించలేదు.
పురిటి గది తలుపు దగ్గర నిలబెట్టి
"లైటు వెయ్యకు రోడెల్, విను" అంది.
చీకట్లో అరవై తల్లుల ఊపిరి,
ఎర్ర దీపాల కింద పిల్లల చప్పరింపు.
"ఎన్ని దగ్గులు?"
రెండన్నాను.
"ఒకటే. రెండోది ఫ్యాను బేరింగు.
దానికీ మందు వెయ్యాలనుకో."

గురువారాలు తాళ్లు కడతాం.
నూలు తాడు, కుర్ర పందుల భుజాల ఎత్తున.
పెళ్లి భోజనం దొరికినట్టు ఎగబడి నములుతాయి.
ఇరవై నిమిషాలాగి పిండితే
సీసాడు మురికి ఉమ్మి. అది విన్నిపెగ్ వెళ్తుంది.
ల్యాబువాళ్లు శనివారం చెప్పే మాట
తాడు పిండుతూనే చెప్పేస్తుంది ఆవిడ.
ఒక్కోసారి తప్పుతుంది.
తప్పిన శనివారం, ఎందుకో,
అందరికీ గసగసాల రొట్టె తెస్తుంది.

ఆ ఒక్క వసంతం గురించి మాత్రం పెదవి విప్పదు.
మేత లారీ నడిపే డేరిల్ చెప్పాడు.
ఏ చక్రానికి అంటుకుని వచ్చిందో తెలియదు,
వారం నిండని పిల్లలన్నీ నీళ్లలా జారిపోయాయట.
నాలుగు వారాలు. పుట్టింది పుట్టినట్టే.
తల్లులు వేళ తప్పకుండా పక్కకు ఒరిగి
గురగురమని పిలిచేవట,
పాలు చేపేవట,
తాగే మూతి ఒక్కటీ లేదు.
అగాథా వరుస వరుసా తిరిగి
ప్రతి పొదుగునూ వేలితో తడిమి
కార్డు మీద రాసేది:
పుట్టినవి పదమూడు, మిగిలినవి సున్నా.
పుట్టినవి పదకొండు, మిగిలినవి సున్నా.
మొదటి అంకె ఎందుకమ్మా ఇంకా అని అడిగాడు యజమాని.
"అవి వచ్చాయి కదా" అందట.

నిన్న రాత్రి చర్చి హాల్లో విందు.
ప్లేట్లలో ఉన్నది మేం పెంచిందే.
ఆ మాట ఎవరూ అనలేదు, గ్రేవీ అటూ ఇటూ అందించుకున్నాం.
యజమాని కాగితం చూసి చదివాడు,
ఆవిడ ఇంటిపేరు దగ్గర గొంతు పట్టేసింది,
మంచినీళ్లు తాగాడు.
తర్వాత డబ్బా తెరిచి చేతి గడియారం ఇచ్చాడు,
వెనకాల పేరు చెక్కించి.
చప్పట్లు చాలాసేపు కొట్టాం. ఆవిడ మాత్రం
తలుపు వైపు చూస్తూ కూర్చుంది.
నూట పద్నాలుగు రోజులు నిండినవి ఆరున్నాయి అక్కడ.

ఈ ఉదయం స్నానాల గది బెంచీ మీద
గడియారం విప్పింది.
ఉంగరం, ఫోను, చెవిపోగు, ఏదీ లోపలికి రాకూడదు.
ఆ నియమం రాసి, ప్లాస్టిక్ పూత వేయించి
గోడకు అంటించింది ఆవిడే.
అల్మరాలో పెట్టి, తలుపు మూసి,
మళ్లీ తెరిచి ఒకసారి చెవి దగ్గర పెట్టుకుంది.
"దగ్గడం లేదు" అంది.
నీళ్ల కిందికి వెళ్లిపోయింది.

తొలిచూలు పంది ఒకటి ఆగి ఆగి ఈనుతోంది.
ఆవిడ చెయ్యి మోచేతి దాకా లోపల,
చెంప దాని తొడకు ఆనించి, కళ్లు మూసుకుని.
లాగింది. తుడిచింది. ముక్కులో ఊదింది.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత కీచుమంది.

"టైమెంత?" కార్డు కోసం అడిగింది.
గోడ గడియారం ఎప్పటినుంచో ఏడు నిమిషాలు ముందుంటుంది.
ఏడూ తీసేసి చెప్పాను.