వెంట్రుకల వైపు

నాన్న విశ్వవిద్యాలయాలను పేర్లతో పిలవడు,
రైలు చార్జీలతో పిలుస్తాడు.
నూట పన్నెండు పౌండ్లది.
ఎనభై నాలుగుది.
ముప్పై ఒకటిది, అదీ ప్లిమత్‌లో బండి మారితే.

లిస్కర్డ్ బజారులో మా మాంసం కొట్టు.
పాలరాతి బల్ల మీద, తూకం పక్కన
మూడు ప్రాస్పెక్టస్‌లు.
ఒకదాని అట్ట మీద నెత్తుటి బొట్టు పడి, ఆరి,
ఏ బిషప్పో వేసిన లక్క ముద్రలా మిగిలింది.

"మధ్యయుగాలు చదివి ఏం చేస్తావే, మొర్వెన్నా?"
కిడ్నీలు తూయించుకుంటూ అడిగింది పెన్‌హాలిగన్ గారావిడ.
"మీరు కిడ్నీలు తిని ఏం చేస్తున్నారు?"
అన్నాడు నాన్న, పొట్లం కడుతూ.

నూట పన్నెండు పౌండ్ల ఊళ్లో
కొండ మీద చర్చి, కొండంత గడ్డం ప్రొఫెసరు.
లాటిన్ ఎన్నేళ్లు చదివావన్నాడు.
మా బడిలో చెప్పలేదండీ అన్నాను.
ఆయన నవ్వు మెల్లగా షట్టర్ దించుకుంది.
మధ్యాహ్నం సాల్మన్ పెట్టారు. బాగుంది.
అంతవరకే రాసుకున్నాను ఆ ఊరి గురించి.

ఎనభై నాలుగుదానిలో అన్నీ తెర మీదే.
పునరుజ్జీవన కాలపు పటాన్ని
వేలితో లాగితే సముద్రాలు దగ్గరికొచ్చాయి,
పురుగు కొరికిన అంచు కూడా కనిపించింది.
వాసన మాత్రం రాలేదు.
"మా పిల్లల్లో తొంభై రెండు శాతానికి ఉద్యోగాలు."
"ఏం ఉద్యోగాలు?" వెనక వరసలోంచి నాన్న.
"వివిధ," అన్నారు.
తిరుగు ప్రయాణంలో ఎక్సెటర్ దాకా
వివిధ, వివిధ అని గొణుగుతూనే ఉన్నాడు.

మూడోది సిమెంటు డబ్బా.
నడవాలో చూరు కారుతుంటే కింద బక్కెట్టు.
డాక్టర్ ఈడిత్ క్వార్మ్‌బీ, కోటుకి ఒక గుండీ లేదు,
"చేతులు కడుక్కుని రండి" అంది.
నేను మోచేతుల దాకా కడుక్కున్నాను, కొట్టు అలవాటు.

దిండు మీద పడుకోబెట్టిన ఒకే ఒక ఆకు.
ఏం కనిపిస్తోంది? అని అడిగింది.
అక్షరాలన్నాడు ఒకడు. నీలం అంది ఒకమ్మాయి.
బంగారపు రేకు పేరు చెప్పి ఇంకొకడు గర్వంగా చుట్టూ చూశాడు.
నాకు ముందు తోలు కనిపించింది.

ఇది వెంట్రుకల వైపు, అన్నాను.
చుక్కలు చూడండి, పసుపు చూడండి.
దూడది. బక్క దూడ.
వెన్ను ఇలా అడ్డంగా పోయింది.
ఈ కన్నం కత్తి చేసింది కాదు, జోరీగ చేసింది,
బతికుండగానే. తర్వాత లాగి ఆరేస్తే
ఇంత కన్నయింది.

గది నిశ్శబ్దం. బక్కెట్లో చుక్క.
నాన్న తలూపాడు,
తూకం సరిపోయినప్పుడు ఊపినట్టే, ఒక్కసారి.

ముప్పై ఏళ్లుగా ఈ ఆకు చూపిస్తున్నాను,
కన్నం చేసిందెవరో ఎవరూ చెప్పలేదంది ఆమె.
పెన్సిలు వెతుక్కుని రాసుకుంది.
అప్పుడు చదివి వినిపించింది:
కన్నానికి ఇటు 'మిసెరి'
అటు 'కోర్దియా'.
మధ్యలో ఈగ తిన్నంత మేర ఖాళీ.
కరుణ అని అర్థమట.
రాసినవాడు తోలు మార్చలేదు, తిట్టుకుని ఉంటాడు,
పక్కకి జరిగి రాసుకుపోయాడు.

బయటికొస్తుంటే ఆమే చెప్పింది, గొంతు తగ్గించి:
మా విభాగం రెండేళ్ల తర్వాత ఉంటుందో లేదో.
మూసేయాలని పైవాళ్లు అంటున్నారు.
ఆ మాట ప్రాస్పెక్టస్‌లో లేదు.

గడువు ఈ రాత్రే.
ఎంపికకు కారణం యాభై మాటల్లో రాయమంటోంది దరఖాస్తు.
రాశాను, చెరిపాను, ఒక్క మాటే మిగిలింది,
అదీ ఈగ అని.
నాన్న మొద్దు మీద ఉప్పు చల్లి రుద్దుతున్నాడు.
బైపాస్ పక్కన సూపర్‌మార్కెట్ వచ్చిన ఏడాదినుంచీ
మమ్మల్నీ మూసేస్తారనే అంటున్నారు జనం.

"మూసేసే చోటికా వెళ్తావు?"
అడగలేదు. అడుగుతాడనుకున్నాను.
బ్రష్షు దులిపి, అద్దాలు పైకి నెట్టి,
"ముప్పై ఒకటి," అన్నాడు,
"అది రానూపోనూనా, ఒకవైపా?"

ఒకవైపే, నాన్నా.
"అయితే చూడు మరి," అన్నాడు,
మళ్లీ రుద్దడం మొదలుపెట్టి.