ఏ తూము ఎత్తితే

బుడే సాహెబు గుమ్మం దగ్గరే ఆగి
మొలతాటికి కట్టుకున్న ఇనప తాళంచెవి విప్పి
ప్లాస్టిక్ ట్రేలో పెడతాడు.
అయస్కాంతం గదిలోకి ఇనుము రాకూడదు.

ముప్ఫై ఒక్క ఏళ్లు బందరు కాలవ మీద లస్కరు.
ఆ తాళంచెవితో ఎన్ని షట్టర్లు ఎత్తాడో,
దించినందుకు ఎన్ని ఊళ్ల తిట్లు తిన్నాడో.
ఇప్పుడు కానూరులో మా ల్యాబులో
బోనులు కడుగుతాడు, ఎలుకలకు మేత వేస్తాడు,
పదిహేడో నంబరుకు మాత్రం
దొంగతనంగా ఒక వేరుశెనగ గింజ.

పదిహేడో నంబరు ఇప్పుడు మత్తులో ఉంది.
నెత్తిన వెంట్రుక మందం గాజు పోగు.
ఇనుము రాని చోటికి వెలుతురు వెళుతుంది.
లోపల, నేనెంచిన కాసిని కణాల గోడల్లో
పాచి దగ్గర అడిగి తెచ్చుకున్న తలుపులు.
అవును, పాచే.
లాకుల మెట్ల మీద కాలు జార్చే పచ్చటి జిగురుకు చుట్టం.
నీలి వెలుతురు తగిలితే తెరుచుకుంటాయి.
తీసేస్తే మూసుకుంటాయి.

ఇన్నాళ్లూ నెత్తురు బొమ్మలే చూశాం.
ఇక్కడ తడిసింది, అదే వేళకు అక్కడా తడిసింది.
అది వానో కాలవో ఎవరు చెప్పాలి?

మొదటి రోజు నీలం వేయగానే
మెదడు వెనకభాగం భగ్గుమంది.
కుర్చీలోంచి లేచి గంతేశాను.
తీరా చూస్తే పోగు అతుకులోంచి కారిన వెలుతురు
ఎలుక కళ్లలో పడింది.
దీపం పెడితే దీపం కనబడుతుందని కనిపెట్టాం!
నల్లటేపు చుట్టి మళ్లీ మొదలు.
తలుపుల్లేని ఎలుకకూ అంతే వెలుతురు వేసి చూశాం,
ఉత్త వేడికి మోసపోతున్నామేమోనని.

ఇవాళ ఇరవై సెకన్లు వెలుతురు, నలభై చీకటి.
బయట బెజవాడ ఎండ. ఇక్కడ చలి.
యంత్రం టకటకా, మళ్లీ టకటకా,
కృష్ణా కెనాల్ జంక్షన్లో గూడ్సు పట్టా మారుతున్నట్టు.
"నీళ్లెప్పుడొస్తాయమ్మా?"
అద్దం ఇవతల నుంచి బుడే సాహెబు.
వెలుతురు రెప్పపాటు. నెత్తురే నింపాది,
ఐదు, ఆరు సెకన్లు.
అతను వేళ్ల కణుపులు లెక్కపెట్టాడు.
"నయమే. మా చివరి భూములకు పదకొండు రోజులు."

తెర మీద ఒక మడి, దాని పక్క మడి,
ఎదుటి అర్ధగోళంలో ఇంకొకటి.
మేం గీసుకున్న పటంలో ఉన్నవే.
ఆ తర్వాత దిగువన, ఏ గీతా వెళ్లని చోట
ఆవగింజంత ఎరుపు.

మళ్లీ వేశాను. మళ్లీ అక్కడే.
తీశాను. ఆరింది.
నాకు అరచేతులు చల్లబడ్డాయి.
అతను మాత్రం నవ్వాడు:
"పటంలో లేదంటే నీళ్లు పోవనా?
రాత్రిపూట ఎవడో బోదెకు గండి కొట్టుకునుంటాడు.
వాడి పొలమూ పండుద్ది, కాగితమ్మీదే ఉండదు.
పొద్దున్నే గట్టెమ్మట నడిచెళ్లి చూసుకోవాలి."

ఏ గట్టు, బుడే సాహెబూ.

రాత్రి తొమ్మిదింటికి పదిహేడు మేలుకుంది.
ముందు మీసం కదిలింది, తర్వాత ముక్కు.
ట్రేలో తాళంచెవి లేదు.
బోనులో వేరుశెనగ గింజ ఉంది.