చాగ్రెస్ నదిలో పదకొండో రోజు

కాలువ ఆఫీసువాళ్ళు మళ్ళీ మంగళవారం అన్నారు.
ఏ మంగళవారమో చెప్పలేదు.

తెరచాప చుట్టేసి
ఆనకట్ట కింద లంగరు దింపాం.
తెల్లారకముందే అడవిలో ఎవరో
ఇనుప మంచాలు ఈడుస్తున్నట్టు
కోతుల అరుపులు.

పీతల బుట్టతో దెల్ఫీనా
తన దోనెను మా పడవకి ఆనించింది.
నాలుగు పీతలకి రెండు టార్చిలైటు బ్యాటరీలు, బేరం లేదు.
"సైరన్ మోగితే గేట్లెత్తుతారు,
లంగరు తాడు ఇంకాస్త వదలండి" అంది.
పోతూ పోతూ తెడ్డుతో గోడవైపు చూపించి,
"మా ముత్తాత ఊరు దానికవతల, నీళ్ళడుగున.
మీ ఓడలన్నీ మా నదిని తాగేగా
మెట్లెక్కేది!"

రాత్రి బకెట్టు ముంచి
ఎసరు పెట్టాను.
ఏ గడప మీదుగా వచ్చాయో ఈ నీళ్ళు.
బియ్యం చేతిలోనే ఉన్నాయి,
మరుగుతోంది.