నడుమెత్తు

దవాఖూ నడుం పోయిన రోజు
ఏదీ కూలలేదు.
సైరను మోగలేదు, బెల్టు ఆగలేదు.
దక్షిణ గోబీ గాలి ఎప్పట్లాగే
రాగిగని దుమ్ముని మా పళ్ళ మధ్య నూరుతోంది.
కిందపడ్డ గ్లవ్ తీసుకుందామని వంగాడు.
అంతే.
వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఎత్తబోయిన వస్తువు బరువు?"
ఫారం అడిగింది.
డెబ్భై గ్రాములు అని నింపింది నేనే.
పదకొండేళ్ళుగా కన్వేయర్ కింద దూరి
అతను మార్చిన రోలర్లకి
ఆ ఫారంలో గడి లేదు.

ఒక్కో రోలరు ముప్పై ఎనిమిది కిలోలు.
నేలమీదే పేర్చి ఉంటాయి.
చలికాలం మంచు వాటిని నేలకి అతికించేస్తుంది.
కాలితో తన్ని విడదీసి,
చంటిపిల్లలా పొట్టకి హత్తుకుని,
ఫ్రేము కిందికి ఒళ్ళంతా మెలితిప్పి,
చేతులు చాచి, ఊపిరి బిగబట్టి...
షిఫ్టుకి పన్నెండు.
ఒక్కోసారి పద్నాలుగు.

నడుం బిగించమన్నారు,
వెడల్పాటి పటకాలిచ్చారు. బిగించాం.
మోకాళ్ళు వంచు, వీపు నిటారుగా ఉంచు, అంది పోస్టరు.
పోస్టర్లో మనిషి చుట్టూ తెల్లటి ఖాళీ.
కన్వేయర్ కింద అంత చోటుంటే
అక్కడే కాపురం పెట్టేవాళ్ళం.

నడుం వాల్చడానికి కూడా నడుం కావాలని
ఆ రాత్రి క్యాంపులో తెలిసింది.
అతని బూటు లేసులు నేనే విప్పాను.
పైకప్పు కేసి చూస్తూ అన్నాడు:
"తమ్ముడికి చెప్పకు.
గుర్రం మీంచి పడ్డాననుకోనీ."

ఏప్రిల్లో సరూల్ వచ్చింది, ఫిజియోథెరపిస్టు.
వ్యాయామాలు చేయిస్తుంది కాబోలనుకున్నాం.
ఆమె నాలుగు షిఫ్టులు మా వెంటే తిరిగింది.
బెల్టు ఆపించి, తాళం వేయించి,
ఫ్రేము కింద వెల్లకిలా పడుకుని టేపుతో కొలిచింది.
ఎక్కడ నొప్పి అని అడగలేదు.
"ఏ పనంటే భయం?" అంది.
ఎవరం నోరు విప్పలేదు.
నొప్పి పేరెత్తితే కాంట్రాక్టు ఎగిరిపోతుందని
మాలో అందరికీ ఒక పేరు గుర్తుంది.

ఎందుకో నాకు ఖోర్లో అవ్వ గుర్తొచ్చింది.
గుడారం విప్పి బయల్దేరేటప్పుడు
తాడు పట్టుకుని "సొగ్, సొగ్" అనేది.
ఒంటె మోకరిల్లేది.
నిలబడ్డ ఒంటెకి బరువెక్కించేవాడు
రెండు వీపులు పోగొడతాడనేది అవ్వ.
వీపు పుండైతే ఒంటెను తిట్టేది కాదు,
జీను విప్పి చూసేది.

ఇదంతా సరూల్‌కి చెప్పేశాను.
నాకు తెలియకుండానే.
ఆమె రాసుకోలేదు. వెల్డింగ్ షాపు ఎటని అడిగింది.

పాత పైపులతో నడుమెత్తు స్టాండు కట్టాం,
రోలర్లు నేలను వదిలాయి.
బండి మాత్రం లొంగలేదు.
మొదటిది కంకరలో కూరుకుపోయింది.
రెండోదాన్ని ఫ్రేము లోపలికి రానివ్వలేదు.
మూడోది,
మీట నొక్కితే వంగి,
రోలరు తీసుకుని,
లోపలికి జారి, పైకి లేచి,
దాని చోట్లో దాన్ని పెట్టింది.
మేం చేతులు ఏం చేసుకోవాలో తెలీక నిలబడ్డాం.

ఖర్చెంతైంది అన్నాడు మేనేజరు.
ఒక్కటి ఎత్తి చూడండి అంది సరూల్.
ఎత్తాడు. నవ్వాడు.
రెండోది ఎత్తలేదు.

ఇప్పుడు దవాఖూ స్టోర్లో లెక్కలు రాస్తాడు.
కొత్త కుర్రాడెవడైనా ఊపులో
రోలరుని పొట్టకి హత్తుకోబోతే
స్టూలు మీంచే అరుస్తాడు: "సొగ్!"
కుర్రాడు సిగ్గుపడి బండి తెస్తాడు,
బండి మోకరిల్లుతుంది,
మేం నవ్వుతాం.

దవాఖూ వీపు మాత్రం తిరిగి రాలేదు.
అతని గ్లవ్ కిందపడితే
ఎవరో ఒకరం వెళ్ళి,
ఏమీ మాట్లాడకుండా
తీసిస్తాం.