అడ్డగీత, నిలువుగీత

బ్రిస్బేన్, రాక్లీలో వాగు పక్క వీధి.
వరద తీసి ఆరు రోజులు.
ఇళ్ళ లోపలివన్నీ బయటికొచ్చి పేవ్‌మెంట్ మీద కూర్చున్నాయి:
ఉబ్బిన పరుపులు, నోరు తెరిచిన ఫ్రిజ్‌లు,
ఒక సోఫా మీద ఎవరో రంగుతో రాసిన వెక్కిరింత, "ఉచితం."
మామిడిచెట్టుకి నా భుజం ఎత్తు దాకా బురద తొడుగు.
ఆ పైన ఏమీ ఎరగనట్టు ఆకుపచ్చ.

నీళ్ళ పుట్టుపూర్వోత్తరాలు అడగడం నా పని,
ఇన్సూరెన్సు కంపెనీ తరఫున.
ఆకాశం నుంచి రాలి, ఇంకా నేల తాకనివైతే వాన. డబ్బిస్తాం.
పైపు పగిలి చిమ్మినవైతే లీకు. డబ్బిస్తాం.
ఒడ్డు దాటి, వీధి దాటి, మెట్లెక్కి వచ్చినవైతే వరద.
ఆ గడిలో టిక్కు ఉందా అని చూస్తాం.
నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు.
నేను పనిచేసే చోట
నిజం ముప్పై ఎనిమిదో పేజీకి ఎరుక.

వాన గోడ మీద నిలువుగా ఏడుస్తుంది, చారలు చారలుగా.
వరద అడ్డంగా గీస్తుంది, స్కేలు పెట్టినట్టు, ఇల్లంతా ఒకే ఎత్తు.
ట్రైనింగులో మొదటిరోజు పాఠం ఇదే.
మోరీన్ పాస్కో ఇంట్లో రెండూ ఉన్నాయి,
ఒకదాన్నొకటి కోసుకుంటూ.

టీ ఇస్తానని లేచి, కెటిల్ లేదని గుర్తొచ్చి ఆగిపోయింది ఆమె.
"వంటింటి గోడ చూడు" అంది.

పెన్సిలు గీతలు. పక్కన అంకెలు.
1:50, పైకప్పు, కిందికి ఒక బాణం.
2:15, సీలింగు ఊడింది.
3:05, గుమ్మం.
3:40, ప్లగ్గు.
4:10, బల్ల.

ముప్పై ఒక్క ఏళ్ళు స్టేషన్లో రైళ్ళొచ్చే వేళలు రాసిన చెయ్యి.
కరెంటు లేదు. టార్చి పళ్ళ మధ్య పట్టుకుని
ముసలి కుక్కని చంకలో పెట్టుకుని రాసిందట.
"ఏదో ఒకటైనా సరిగ్గా చెయ్యాలనిపించింది."
4:10 తర్వాత గీత లేదు.
నేను అడగలేదు. తనే చెప్పింది:
"పెన్సిలు జారిపోయింది.
వెతకడానికి నేలెక్కడుంది?"

1:50 నుంచి 3:05. గంటా పావు.
ఆ గంటా పావు నీళ్ళు మావి.
సీలింగు మావే. లైట్లు మావే.
తర్వాతవి ఆమెవి: నేల, గోడలు, కుట్టుమిషను,
కింది అరలో పెట్టిన ఫోటోలు.
బీరువా సంగతే తేలలేదు.
పైనుంచి తడిసింది, కిందనుంచి నానింది.
ఏ అరలో కలుసుకున్నాయో ఆ రెండు నీళ్ళు?
తేమ మీటరు పెట్టి చూశాను.
అన్ని అరల్లోనూ ఒకటే కూత.

"వరద గడిలో టిక్కు ఎందుకు పెట్టలేదు?"
అడగాల్సిన ప్రశ్న. అడిగాను.
"ఏడాదికి పదకొండు వేల డాలర్లన్నారు.
నా పెన్షనెంతో అడగరేం?"
నేను నీళ్ళు నమిలాను.
ఆ నీళ్ళకి ఫారంలో గడి లేదు.

ప్రతి అంకే కనబడేలా ఫోటోలు తీశాను.
రిపోర్టులో రాశాను: సాక్ష్యం నమ్మదగినది.
అంతకంటే బలమైన మాట మా టెంప్లేటులో లేదు.
మేనేజరు చూసేదాకా గోడ కూల్చొద్దని చెప్పాను.
"కూల్చినా ఆ ముక్క కోసి దాచుకుంటా" అంది,
కుక్క చెవి వెనక ఎండిన బురద గోటితో తీస్తూ.

రాత్రి ఇంటికొచ్చాను.
మాదీ వాగు కనబడే ఇల్లే.
అమ్మినవాడు దాన్ని వ్యూ అన్నాడు, అందుకే ఇంకో ఇరవై వేలు.
మా పాలసీ తెరిచాను.
ముప్పై ఎనిమిదో పేజీ దాకా వెళ్ళక్కర్లేకపోయింది.
మొదటి పేజీలోనే ఆ గడి, ఖాళీగా.
టిక్కు తీసింది నేనే,
ఆ నెల కారు టైర్లు మార్చాలని.

బయట వాన మొదలైంది. నిలువుగానే.
వంటింటి సొరుగులో పెన్సిలు దొరికింది, మొన విరిగి.
చెక్కుతూ కూర్చున్నాను.